అగ్ని, మణి, వెన్నునీరు

రోగిని ప్రక్కకు ఒత్తిగిలజేసి, మోకాళ్లు కడుపులోనికి ముడిపించి, నడుమునందలి మూడవ నాల్గవ పూసల సందున సన్నని సూదిని దింపినప్పుడు చుక్క చుక్కగా సీసాలోనికి రాలు నీటిని చూచినవారికి, అందులో రోగమున్నదని తోచనే తోచదు. క్షయ మెదడుపొరలకు సోకినప్పుడు సైతము అది తరచుగా తేటగానే యుండును. 1891లో క్వింకే యను జర్మను వైద్యుడు ఈ పద్ధతిని వెలువరించినది మొదలు, ఆ తేటనీటిని పలికించుటకే వైద్యులు పాటుపడుచున్నారు.

క్షయ యను అనుమానము కలిగినచోట ఆ నీటిలో అడినోసిన్ డిఅమినేజ్ అను ఎంజైమును కొలుతురు. కొలుతురని వాడుకగా అందుము గాని, నిజమునకు దానిని ఎవరును తూచరు. దానికి అడినోసిన్‌ను మేతగా వేసి, ఒంటి వెచ్చదనమున కొంతసేపుంచి, పుట్టిన అమ్మోనియాను నీలిరంగునకు మార్చి, ఆ నీలిమ చిక్కదనమును లెక్కింతురు. నిమిషమునకు ఒక మైక్రోమోలు పదార్థమును మార్చు పని ఒక యూనిట్టు. కర్త కానరాడు, జరిగిన పనినిబట్టి అతడున్నాడని నమ్ముచున్నాము.

ఇచ్చటనే మన మీమాంసకుల పాత తగవు నాకు జ్ఞప్తికి వచ్చుచుండును. నిప్పు కాల్చును, ఒకానొక మణిని చెంత నుంచినచో కాల్చదట. (ఆ మణి ఏ యంగడిలో దొరకునో ఎవరును చెప్పిన జాడ లేదు.) నిప్పు నిప్పుగానే యున్నది గనుక, మణి అణచినది నిప్పుకంటె వేరైన ‘శక్తి’ యను పదార్థమునని మీమాంసకులు, వేరు పదార్థమక్కరలేదు, అడ్డు లేకుండుటయు కారణములలో నొకటియేయని నైయాయికులు.

ఆ మణి ఇప్పుడు మందుల దుకాణమున దొరకుచున్నది. మతిమరపు వ్యాధికిచ్చు రివాస్టిగ్మిన్ పడిన రోగి వెన్నునీటిలో ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అను ఎంజైము పని తగ్గును. అణువు మాత్రము అచ్చటనే యుండును. పనిని కొలుచు పరీక్ష తగ్గినదనును, అణువును గుర్తుపట్టు పరీక్ష ఉన్నదనును. రెండును నిజమే. మందులోని తునుక ఎంజైము నోటిలో అడ్డముగా అతుకుకొని కూర్చున్నదని తెలిసిన పిమ్మట నాకు నైయాయికుల పక్షమే బలముగా తోచుచున్నది. మాయమైన శక్తి యేదియు లేదు, అడ్డు ఒక్కటే కలదు.

అయినను ఈ తర్కమంతయు గాజుగొట్టము వరకే సాగునా యని ఒకనాడు సందేహము కలిగినది. పలుకు లేక, కదలిక లేక పడియున్న ఒక పెద్దాయన మంచము చెంత, ఫలితముల కాగితమును మడిచి దిండుక్రింద పెట్టి, ఆయన కూతురు చెవిలో మెల్లగా చెప్పుచుండెను: “గేదె ఈనింది నాన్నా, పెయ్యదూడే.”