ఎవరి తరఫున ఒప్పుకున్నాం?

నెలాఖరు. పిల్లల ఫీజుకు అయిదు వేలు తక్కువపడ్డాయి. చేబదులు అడగడానికి మొహమాటం. ఫోన్‌లో అప్పిచ్చే యాప్ దొరికింది. అది మొదట కాంటాక్టులు చూడనివ్వమంటుంది. కాదంటే ముందుకు కదలదు. వేలు ‘అనుమతించు’ మీద పడుతుంది. దీన్ని సమ్మతి అనగలమా?

2020 చివర్లో తెలంగాణ ఈ ప్రశ్నను కన్నీళ్లతో ఎదుర్కొంది. వాయిదా తప్పినవాళ్ల ఫోన్లలోని నంబర్లకు వసూలు మనుషులు ఫోన్లు చేశారు. అప్పు తీసుకున్నవాణ్ణి మోసగాడంటూ బంధువులకు, తోటి ఉద్యోగులకు మెసేజీలు పెట్టారు. ఆ అవమానం తట్టుకోలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. అప్పిచ్చే యాప్‌లు కాంటాక్టులు, కాల్ వివరాల జోలికి పోకూడదని రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించింది.

చదవకుండా నొక్కినవాడిదే తప్పంటారు కొందరు. షరతులన్నీ చదివినా అతని ముందున్న దారి మారేదా? తెలుసుకోవడం అవసరమే. కానీ కాదన్నా బతుకు ఆగిపోదన్న ధీమా లేనప్పుడు, తెలిసి ఇచ్చిన అనుమతి కూడా నిస్సహాయతే కదా!

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఈ సంగతి కొంత గ్రహించింది. అందులో ఒక ఉదాహరణ ఉంది: ఫోన్‌లో వైద్యం అందించే యాప్ కాంటాక్టులూ అడిగింది, వాడే మనిషి సరేనంది. అయినా వైద్యానికి కాంటాక్టులు అక్కర్లేదు కనుక ఆ సమ్మతి వైద్యం వరకే చెల్లుతుంది. అడిగినదంతా ఇచ్చినా, అవసరానికి మించినది తీసుకునే హక్కు రాదన్నమాట. ఇది మనిషి బలహీనతను గౌరవించిన చట్టం.

అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. అప్పు తీసుకున్నవాడి కాంటాక్టుల్లో మేనమామ ఉన్నాడు, పాలు పోసే ఆమె ఉంది, మాటలు మానేసిన స్నేహితుడున్నాడు. వాళ్లెవరూ అప్పు అడగలేదు, ఏ బటనూ నొక్కలేదు. కేంబ్రిడ్జ్ అనలిటికా వ్యవహారంలోనూ ఇదే జరిగింది. పెట్టుకున్నవాళ్లవే కాక వాళ్ల ఫేస్‌బుక్ స్నేహితుల వివరాలూ లాగేసిన క్విజ్ యాప్‌ను పెట్టుకున్న భారతీయులు 335 మంది. ఆ దెబ్బ తగిలి ఉండొచ్చని 2018లో ఫేస్‌బుక్ చెప్పిన భారతీయులు 5,62,455 మంది. ఇంతమంది తరఫున ఒప్పుకునే అధికారం ఆ కొద్దిమందికి ఎవరిచ్చారు?

మన వివరాలు మన ఒక్కరివే కావు. నలుగురితో కలిసి బతికేవాళ్లం కనుక నలుగురి గుట్టూ మన చేతిలో ఉంటుంది. అందుకే బాధ్యత ముందు అడిగేవాడిది: ఇది నాకెందుకు కావాలో నిరూపించుకోవాలి, కాదన్నవాడికి కూడా తలుపు తెరిచి ఉంచాలి. ఆ తర్వాత మనది: ‘అనుమతించు’ నొక్కే ముందు, ఇది ఇంకెవరికి సంబంధించినదో ఆలోచించాలి.