వచ్చును, వలెను

సేవ మంచిదని అందరూ ఒప్పుకుంటారు. అందరూ ఒప్పుకున్న మాటనే ఒకసారి విప్పి చూడటం అవసరం. సేవ చేసేవారికీ, చేయించుకొనేవారికీ మధ్య వున్నదేమిటి? మంచితనమేనా?

నాకు తెలిసిన దంపతులు ఇద్దరూ సర్కారు బడుల్లో పనిచేసి రిటైరైనవారు. నెలకొక శనివారం పొద్దున్నే మా పట్టణం శివార్లలోని వృద్ధాశ్రమానికి వెళ్ళి, దీపాలు పెట్టేవేళకు తిరిగి వస్తారు. మొన్న నేనూ వెంట వెళ్ళాను. మాస్టారు అక్కడివాళ్ళకు అర్జీలు రాస్తారు, మందుచీటీలు చదివి ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెబుతారు. ఆవిడ తలలు దువ్వుతారు, గోళ్ళు తీస్తారు. ఆ ఒక్కరోజు ఆశ్రమంలోని ఆయాకు కాస్త నడుం వాల్చే తీరిక దొరుకుతుంది.

మాస్టారికి డెబ్బై. ఆయన ఎదుట బల్లమీద కూర్చున్న మనిషికీ సుమారుగా అంతే. ఒకరు ముప్పైయేళ్ళు పాఠం చెప్పారు; మరొకరు నలభైయేళ్ళు హోటళ్ళలో పిండి రుబ్బారు. ఇద్దరి పనీ సమాజం వాడుకున్నదే. మరి ఒకరు ఇచ్చేవారుగాను, ఒకరు పుచ్చుకొనేవారుగాను ఎట్లా తేలారు? మాస్టారు సజ్జనుడే, సందేహం లేదు. కాని రుబ్బిన మనిషి దుర్జనుడేమీ కాదు. బల్లకు ఈ వైపున వున్నది ఉద్యోగపు పెన్షను. ఆ వైపున అది లేదు. ఇంతే తేడా!

పెన్షను యజమాని దయ కాదు, ఉద్యోగి హక్కు అని సుప్రీంకోర్టు 1982 డిసెంబరులో నకారా కేసులో తేల్చింది. గొప్ప తీర్పే. (2004 తరువాత కొలువులో చేరిన నాబోటివారికి అది చందా పద్ధతిగా మారింది. రేపు ఆ బల్లకు ఏ వైపున కూర్చుంటానో నేను చెప్పలేను.) రుబ్బిన మనిషికి మాత్రం హక్కు అంత గట్టిగా పలకలేదు. వార్ధక్యంలో ప్రభుత్వ సాయాన్ని రాజ్యాంగం 41వ అధికరణం చెప్పింది గాని, ఆర్థిక స్తోమతకు లోబడి అన్నది. పైగా అది ఆదేశిక సూత్రం. కోర్టుకెక్కి రాబట్టుకొనేది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలైలో వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలైంది. కేంద్ర పథకం కింద వచ్చే వంతు, ఎనభై నిండనివారికి, 200 రూపాయలు!

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం వున్నది. కనీసం జిల్లాకొకటిగా, 150 మంది నిరుపేదలకు చోటుండేట్టు ప్రభుత్వం ఆశ్రమాలు "స్థాపించవచ్చును" అని అందులో వున్నది. "స్థాపించవలెను" అని లేదు. వ్యాకరణం చెప్పుకు బతికేవాణ్ణి గనుక క్రియాపదాల చివరలమీద నాకు చూపు పడుతుంది. "వచ్చును"కూ "వలెను"కూ నడుమ ఎంత ఖాళీ! ఆ ఖాళీలోకే ఈ దంపతులు నెలకొకసారి సంచీ పట్టుకొని నడిచిపోతున్నారు.

ఇటువంటి సేవ చిరుగుకు అతుకేయటమేననీ, అతుకువేస్తే చిరుగు కనబడదనీ నా మిత్రులు కొందరు వాదిస్తారు. అందులో నిజం లేకపోలేదు. 2019లో రాష్ట్ర ప్రభుత్వం ఊరూరా మనుషులను పెట్టి, వారికి "వాలంటీర్లు" అని పేరు పెట్టి, నెలకు 5,000 రూపాయల "గౌరవ వేతనం" ఇచ్చింది. ఉద్యోగమంటే కనీస వేతనం అడుగుతారు. సేవ అంటే అడగరు. కాని గోరు కండలో దిగిన ముసలామెతో, వ్యవస్థ మారేదాకా ఓర్చుకోమని నా మిత్రులను ఒక్కసారి చెప్పి రమ్మనండి!

మాస్టారు ఆ రోజు ఎక్కువసేపు తంటాలుపడింది ఒక వ్యవసాయ కూలీ వేలిముద్రతో. పింఛను ఇచ్చే యంత్రం ఆమె వేళ్ళను ఆనవాలు పట్టటం లేదు. నాట్లు వేసి, కలుపు తీసి, అంట్లు తోమి అరిగిపోయిన వేళ్ళవి. బతుకంతా చేసిన పనే ఆమె బతికివున్నదన్న రుజువును చెరిపివేసింది. కంటిపాప గుర్తుతో డబ్బు ఇప్పించమని మాస్టారు అర్జీ రాశారు. "తమ దయవల్ల" అని మొదలుపెట్టి, ఆగి, కొట్టివేశారు. ఇటువంటి సేవ చిరుగును కప్పుతున్నదని నేననుకోను.

ఆ కూలీ మనిషే మధ్యాహ్నం వంటింటి గుమ్మంలో మాస్టారి భార్యతో, "ఇట్టా ఇయ్యి తల్లీ, ఆ చిక్కుడుకాయలకు ఈనెలు నే తీత్తా. ఊరికే తింటన్నాననే గదా నాకు ముద్ద దిగంది" అన్నది. వంటమనిషి అడ్డం వచ్చాడు. ముసలివాళ్ళచేత పని చేయిస్తే దాతలు ఏమనుకుంటారని అతని భయం. దాతల మాట సరే, ఆమె ఏమనుకుంటున్నదో అడిగినవారెవరు? ఇచ్చే అవకాశం ఒకవైపునే పోగుపడటం కూడా ఒక రకం ఆస్తే కదా.

తరువాతి నెల ఆవిడ మూడు కిలోల చిక్కుడుకాయలు కొనుక్కుని వెళ్ళారు. ఇద్దరూ అరుగుమీద కూర్చుని సాయంత్రందాకా ఈనెలు తీశారట. వంటమనిషి సణుగుతూనే వున్నాడట.