తెగని బెల్టును ఎందుకు మార్చాలి?

ఎర్రగడ్డ నుంచి అమీర్‌పేట మీదుగా పంజాగుట్ట దాకా సాయంత్రం పూట కారు కదిలేది తక్కువ, ఇంజన్ తిరిగేది ఎక్కువ. ఆగి ఉన్నప్పుడు కూడా నిమిషానికి 800 చుట్ల చొప్పున గంటకు 48 వేల చుట్లు. మీటరులో మాత్రం కిలోమీటరు పెరగదు, ఆ చుట్లన్నీ లోపలి టైమింగ్ బెల్టు మోయాల్సిందే. 2004 ప్రాంతంలో మన దేశానికొచ్చిన స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ లాంటి పాత వేగపు బండిని ఇప్పటికీ అపురూపంగా చూసుకునేవాళ్ళకు ఇక్కడే ఓ చిక్కు వస్తుంది. కవరు విప్పితే టైమింగ్ బెల్టు నల్లగా, పళ్ళు అరగకుండా, కొత్తదానిలాగే ఉంటుంది. చప్పుడూ ఉండదు. మెకానిక్ మాత్రం మార్చేయమంటాడు. నిక్షేపంగా కనిపిస్తున్నదాన్ని తీసి పారేయడానికి ఆధారమేమిటి? యజమానికి ఇది ఖర్చు గొడవ. కానీ కంటికి ఆననిది తెలిసిందని ఏ ధైర్యంతో అంటాం అన్నది మన దర్శనాలు వందల ఏళ్ళపాటు తెగేదాకా లాగిన తగువు.

ముందు బెల్టు సంగతి. క్రాంక్ రెండు చుట్లు తిరిగేసరికి క్యామ్ ఒక చుట్టు తిరగాలి, ఆ లెక్క తప్పకూడదు. 6,000 ఆర్‌పీఎం దగ్గర క్రాంక్ సెకనుకు 100 చుట్లు తిరుగుతుంది, ప్రతి వాల్వూ 50 సార్లు తెరుచుకు మూసుకుంటుంది. ఆర్‌ఎస్‌లోని 1.8 టర్బో ఇంజన్‌కు నాలుగు సిలిండర్లు, 20 వాల్వులు. పిస్టన్ పైకొచ్చే జాగాలోకే వాల్వు దిగుతుంది. ఇద్దరూ ఎదురుపడకుండా వేళ చూసేది ఈ రబ్బరు పట్టీయే. అది తెగిన క్షణాన వాల్వులు వంగుతాయి, హెడ్ దించక తప్పదు. బలమంతా రబ్బరు లోపల దాగిన గాజునార దారాలది, అలసిపోయేదీ అవే. వెనకటి నియోప్రీన్ బెల్టులు ముసలివైతే వీపున పగుళ్ళు చూపించేవి. తర్వాత వచ్చిన హెచ్‌ఎన్‌బీఆర్ రబ్బరు వేడికి బాగా ఓర్చుకుంటుంది, చాలాసార్లు చివరిదాకా పగలదు. రబ్బరు మెరుగైనకొద్దీ కంటి సాక్ష్యం చెల్లకుండా పోయిందన్నమాట.

చార్వాకుడు ఇక్కడ అడ్డం తిరుగుతాడు. (వాళ్ళ సొంత గ్రంథాలు దాదాపు దక్కలేదు. ప్రత్యర్థులు చెప్పగా విన్నదే ఎక్కువ, కాబట్టి కాస్త దయతోనే చదవాలి.) అతని లెక్కలో ప్రత్యక్షమొక్కటే ప్రమాణం. పొగ ఉన్న ప్రతిచోటా నిప్పుంటుందని ఎవడు అన్నిచోట్లకూ, అన్ని కాలాలకూ వెళ్ళి చూసొచ్చాడు? అలాగే పాత బెల్టులన్నీ తెగుతాయని ఎవడు చూశాడు? పదేళ్ళు దాటినా తెగనివీ ఉన్నాయి కదా! ఆక్షేపణ తేలికైంది కాదు. ఊహను కూడా ప్రమాణంగా ఒప్పుకునే నైయాయికుడు సైతం ఒక్క అపవాదం (మినహాయింపు) దొరికితే వ్యాప్తి, అంటే పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుందన్నలాంటి నియమం, చెడిందని ఒప్పుకోవాల్సిందే. అయితే మెకానిక్ ఊహిస్తున్నది ఫలానా తేదీన తెగుతుందని కాదు. ఎడతెగకుండా వంగుతూ, వేడెక్కుతూ, చల్లారుతూ ఉండే దారం నీరసిస్తుంది, అంతవరకే అతని ఊహ. దానికి అపవాదం చూపించడం కష్టం. పదేళ్ళు నిలిచిన బెల్టు కూడా నీరసించిందే, ఇంకా తెగలేదంతే. కంపెనీ పెట్టే గడువు ఆ నీరసం మీద వేసుకున్న జాగ్రత్త లెక్క. ఇక పదో శతాబ్దపు ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో ఇచ్చిన జవాబు ఈ గ్యారేజీ తగువుకు అతికినట్టు సరిపోతుంది. మరోచోట, మరోకాలంలో వేరేలా జరగొచ్చని సందేహించాలన్నా, చూడని ఆ చోటునూ కాలాన్నీ ముందు ఊహతోనే ఒప్పుకోవాలంటాడాయన. ‘ఇంకో రెండేళ్ళు ఆగుతుందిలే’ అనే యజమాని కూడా చూడని రెండేళ్ళ గురించి తీర్పు చెబుతున్నాడు. ప్రత్యక్షాన్నే నమ్మేవాడైతే ఆ మాట అనే హక్కు అతనికీ లేదు.

రెండో ఆక్షేపణ విధి వైపు నుంచి వస్తుంది. ఎర్రగడ్డకు దగ్గర్లోనే బల్కంపేట ఎల్లమ్మ గుడి. కొత్త బండికి పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి తీసుకెళ్ళేవాళ్ళు చాలామంది. అమ్మ కాపాడుతుండగా బెల్టు గొడవెందుకన్నది పైకి భక్తిలా ఉంటుంది గానీ శాస్త్రం దాన్ని సమర్థించదు. ఒంటి చక్రంతో రథం నడవనట్టే పురుషప్రయత్నం లేనిదే దైవం ఫలించదని చెప్పింది యాజ్ఞవల్క్యస్మృతి. అనుశాసన పర్వంలో ధర్మరాజు ఈ రెంటిలో ఏది గొప్పదని భీష్ముణ్ణి అడిగితే, ప్రయత్నాన్ని పొలంగానూ దైవాన్ని విత్తనంగానూ చూపే సంవాదం వినిపిస్తాడు. దున్నని పొలానికి విత్తనం మీద ఫిర్యాదు చేసే అర్హత ఎక్కడిది? పూజ చేయించుకుని బెల్టు కూడా మార్చుకునేవాడే నా దృష్టిలో ఆ సంప్రదాయాన్ని సరిగ్గా చదువుకున్నవాడు.

మూడోది అసలు గట్టి ఆక్షేపణ, దీన్ని మెకానిక్కులే అంటారు: బాగా నడుస్తున్న ఇంజన్‌ను విప్పితే కొత్త తప్పు దొర్లొచ్చు. ఒక్క పన్ను అటూ ఇటూ కూర్చుంటే టైమింగ్ తప్పుతుంది. బెల్టు మార్చి, అలసిన టెన్షనర్‌నూ, ఆ బెల్టుతోనే తిరిగే వాటర్ పంపునూ పాతవే ఉంచితే, అవి పట్టేసిన రోజున కొత్త బెల్టూ పోతుంది. ఇదంతా నిజమే. కానీ ఈ ప్రమాదాన్ని కన్ను పట్టుకోగలదు. బెల్టు ఎక్కించాక స్టార్ట్ చేయకుండా క్రాంక్‌ను పానాతో రెండు నిండు చుట్లు తిప్పి, గుర్తులు మళ్ళీ కలిశాయో లేదో చూస్తారు. కలవకపోతే అక్కడే ఆపి విప్పొచ్చు. దారాల నీరసానికి అలాంటి పరీక్ష గ్యారేజీలో లేదు. పని ముగిశాక తేదీ, రీడింగ్ రాసి కవరు మీద అంటించే చిన్న చీటీ నైయాయికులు ఆప్తవాక్యమన్నదానికి దగ్గరిది, రాసినవాడు నమ్మదగ్గవాడైతే. చేతులు మారిన పాత బండికి ఆ చీటీ లేకపోతే ప్రత్యక్షమూ లేదు, ఆప్తవాక్యమూ లేదు. కొన్నవాడు మొదటి వారంలోనే బెల్టు, టెన్షనర్, పంపు కలిపి మార్పించి, కొత్త తేదీ నుంచి లెక్క మొదలుపెట్టాలి.