రూపాయికి ఎనిమిది పైసలు

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో గ్రూప్స్‌కి చదివే పిల్లలు కమ్యూనిజానికీ సోషలిజానికీ పెట్టుబడిదారీ విధానానికీ తేడాలు బట్టీ పడుతుంటారు. నాకేమో వాళ్ళు కూర్చున్న కుర్చీ మీదికి పోతుంది ధ్యాస. ఊరంతా కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. 1960 నాటి చట్టం చలవ. ఆ కుర్చీకి ధర లేదు, ముందొచ్చినవాళ్ళదే. నాలుగడుగులు వేసి అశోక్‌నగర్ సందుల్లోకి వెళితే అదే పాఠానికి ఫీజు, మంచానికి అద్దె.

ఏ వ్యవస్థ గొప్పదన్న వాదన వచ్చినప్పుడల్లా నాకు పి.వి. నరసింహారావు గుర్తొస్తారు. ముఖ్యమంత్రిగా 1972లో భూపరిమితికి పూనుకున్నదీ ఆయనే, ప్రధానిగా 1991లో పరిశ్రమల లైసెన్సులు చాలావరకు ఎత్తేసిందీ ఆయనే. మనిషి మారిపోయాడంటారు కొందరు. నేనలా అనుకోను. ఒకప్పుడు భూమి కొద్దిమంది దొరల గుప్పిట్లో ఉంది, తర్వాత పర్మిట్లు ఆఫీసుల గుప్పిట్లో చిక్కుకున్నాయి. రెండుసార్లూ ఆయన తెరవబోయింది గుప్పిటనే.

అందుకే ఏ ఇజాన్నయినా నేను అడిగేది ఒకటే: గుప్పిట ఎవరిది? 1946 నుంచి 1951 దాకా తెలంగాణ పల్లెల్లో వెట్టిని ఎదిరించి, దొరల భూములు పంచింది ఎర్రజెండా. ఆ తెగువకు నేను జీవితాంతం రుణపడి ఉంటాను. కానీ అదే జెండా రాజ్యమైన సోవియట్ దేశంలో భూమీ పత్రికా కొలువూ ఒకే పార్టీ చేతికి పోయాయి. ఎదురు ప్రశ్న వేసినవాడికి నిలబడే చోటు మిగల్లేదు. మార్కెట్టుకి ఆ దోషం లేదు, నారాయణగూడలో ఒక కొట్టువాడు పొమ్మంటే పక్క కొట్టుకి పోవచ్చు. అయితే జేబులో డబ్బుండాలి. లేనివాడికి అన్ని కొట్లూ మూసినట్టే.

సంపద కొద్దిచోట్లే పోగుపడకుండా చూడమని మన రాజ్యాంగం 39(సి)లో ప్రభుత్వానికి చెప్పింది. ఏ ఇజం పేరూ ఎత్తలేదక్కడ. పిల్లలు ఆ అధికరణాన్ని కంఠతా పడుతున్నది ఆ సెస్సు డబ్బుతో నడిచే గదిలోనే.

వసూలైన సెస్సు గ్రంథాలయ సంస్థలకు చేరక బకాయి పడిందని వార్తలొస్తూనే ఉన్నాయి. ఇజాల మీద సభలు పెట్టే మిత్రులందరూ, ఎర్రజెండా వాళ్ళూ మార్కెట్టు వాళ్ళూ, ఈ బకాయి మీద ఒక్కసారి కలిసి అడగాలి. పొద్దున్నే వచ్చినా కుర్చీ దొరక్క మెట్లమీద చదువుకునే పిల్లలున్నారు.