ఊర్మిళ నిద్ర

మిథిలానగరంలో ఒకే శుభవేళ జరిగిన కల్యాణాలు నాలుగు. భద్రాద్రిలో ఏటా శ్రీరామనవమినాడు భక్తులు కనులారా దర్శించే కల్యాణం వాటిలో ఒకటి. ఆనాడు అక్కడనే సీతమ్మ చెల్లెలు ఊర్మిళ లక్ష్మణస్వామి చేయి పట్టినది. కాని భద్రాద్రి గర్భాలయంలో సీతమ్మ స్వామి అంకమున కొలువై ఉండగా, లక్ష్మణస్వామి చెంతనే నిలిచి ఉండగా, ఊర్మిళ మాత్రం కానరాదు. వాల్మీకి మహర్షి సైతం, పతి అడవికి పోవునాడు ఆమె ఏమన్నదో చెప్పలేదు. కావ్యాలలో ఉపేక్షకు గురియైన స్త్రీలను గూర్చి వ్రాస్తూ రవీంద్రనాథ ఠాకూరు ఈమెను తలచి చింతించినాడు.

భద్రాచలానికి సుమారు 35 కిలోమీటర్ల దూరాన, దుమ్ముగూడెం మండలంలోని పర్ణశాలకు వెళ్ళిన యాత్రికులు సీతమ్మ చీర ఆరవేసిన గుర్తులని చెప్పే రాళ్ళను చూచి కన్నీరు పెడతారు. వనంలోని కష్టానికి గుర్తులున్నవి. ఇంట మిగిలినవారి కష్టానికి ఏ రాయీ సాక్ష్యం చెప్పదు. ఆ ప్రాంతాననే, మన్యం ఛత్తీస్‌గఢ్ అడవులతో కలిసే చర్ల వైపున, కేంద్ర రిజర్వు పోలీసు దళం శిబిరాలు నెలకొల్పినది. అక్కడ కాపలా కాసిన జవానుల ఇల్లాండ్రు ఎక్కడో దూరపు ఊళ్ళలో దినాలు లెక్కించినారు. పశ్చిమగోదావరి జిల్లాలో రెండు ప్రపంచయుద్ధాలకూ బిడ్డలను పంపి ‘మిలిటరీ మాధవరం’ అని పేరుపడిన గ్రామంలో ఈ నిరీక్షణ తరతరాలది.

అట్టి ఇల్లాలిని పీడించే ధర్మసందేహం ఒకటి ఉన్నది. భర్త చలిలో, వానలో తుపాకి పట్టి నిలిచి ఉండగా తాను కడుపునిండ తినవచ్చునా? కంటినిండ నిద్రించవచ్చునా? పేరంటంలో నలుగురితో నవ్వితే లోకమేమనును?

ఈ సందేహానికి తెలుగుదేశం ఏనాడో ఒక సమాధానం చెప్పుకొన్నది. వనవాసంలో అన్నావదినెలకు కావలి ఉండవలసిన లక్ష్మణుడు నిద్రాదేవిని వేడి, తన నిద్రనంతా పద్నాలుగేండ్లు ఊర్మిళకు ఇమ్మన్నాడని రంగనాథ రామాయణం నాటినుండి మనకు ప్రసిద్ధమైన కథ. ఆమె నిద్రించినందుననే ఆయన మేలుకొనగలిగినాడు. ఊర్మిళాదేవి నిద్రను పాటగా పాడుకొన్న మన స్త్రీలు ఆ నిద్రను సోమరితనమని ఎన్నడూ అనలేదు.

అయితే ఇందులో ఒక చిక్కు లేకపోలేదు. భర్త వ్రతం కొరకే నిద్రించినచో ఆ విశ్రాంతి ఆమెది ఎట్లగును? కథ ఇంతటితో ఆగినచో ఆమె మరొకరి కార్యానికి పనిముట్టుగానే మిగులుతుంది. శ్రీవైష్ణవ సిద్ధాంతం ఇక్కడ ఇంకొక మెట్టు ఎక్కిస్తుంది. జీవుడు భగవంతునికి శేషభూతుడు. దేహమూ ఆయన సొత్తే. భర్త చెంత ఉన్నను, దూరాన ఉన్నను, ఆ సొత్తును ఉపవాసాలతో, జాగరణలతో కృశింపజేసే అధికారం ఎవరికీ లేదు. వ్రతాలు కూడదని కాదు. మగడు సెలవుపై వచ్చువరకు ఒంటిపూట భోజనమే అని మొక్కుకొని, పాలిచ్చే తల్లి నీరసించిపోవుట భక్తి కాదు. గీతాచార్యుడు ఆరవ అధ్యాయంలో ఆహారానికి, నిద్రకు మితమునే విధించినాడు. లోపము కూడ మితము తప్పుటయే.

రాత్రంతా టెలిఫోను వంక చూస్తూ కూర్చున్న స్త్రీ, తన జాగరణమే సరిహద్దున ఉన్నవానిని కాపాడుతున్నదని లోలోపల నమ్ముతుంది. అది ప్రేమయే, సందేహం లేదు. కాని సాయంసంధ్యలో దీపం పెట్టి రక్షాభారాన్ని స్వామి పాదాలచెంత ఉంచినవారు, అర్ధరాత్రి మరల దానిని నెత్తికెత్తుకొన్నచో భరన్యాసమునకు అర్థమేమి?

వారాల తరబడి నిద్ర రాకున్నను, అన్నం సహించకున్నను, అది విశ్వాసలోపమని పెద్దలు మందలించరాదు. అది వైద్యునికి చెప్పవలసిన బాధ. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వం నెలకొల్పిన టెలిమానస్ 14416 సంఖ్యకు ఫోను చేసినచో తెలుగులోనే మాట్లాడవచ్చును. 1966లో ఏర్పడిన సైనికపత్నుల సంక్షేమ సంఘం ‘ఆవా’ కూడ ఇట్టివారి కొరకే ఉన్నది.

లోకం వీరపత్నిని గుర్తించేది తరచుగా ఆమె పసుపుకుంకుమలు పోయిన పిమ్మటనే. ఖమ్మానికి పొరుగునున్న సూర్యాపేట వాసి కర్నల్ సంతోష్‌బాబు 2020 జూన్ 15న గల్వాన్ లోయలో వీరమరణం పొందినప్పుడు ప్రభుత్వం ఆయన సతీమణికి డిప్యూటీ కలెక్టరు పదవి నిచ్చి గౌరవించినది. అది సముచితమే. మరి భర్త క్షేమంగా ఉండి, ఏటా కొద్ది వారాలు మాత్రమే ఇంట కనిపించే ఇల్లాలిని ఎవరు పలకరిస్తారు? సెలవుపై వచ్చిన తండ్రిని చూచి పసిబిడ్డ తల్లి చాటుకు పోతే, ఆమెకూ ఆ మనిషి కొన్నాళ్ళు కొత్తగానే తోస్తాడు. పాటలో ఊర్మిళ సైతం గదిలోనికి వచ్చినవాడు తన భర్తయని గుర్తింపక, పరపురుషుడనుకొని మందలిస్తుంది. ఆమె తప్పేమియు లేదు, పద్నాలుగేండ్లు గడచినవి.

పట్టాభిషేక సంబరాల నడుమ ఆమెను అందరూ మరచినారు. ఆ పాటలోనే, లక్ష్మణుని ఊర్మిళ కడకు పంపుమని రామునికి గుర్తుచేసినది సీతమ్మ.