గట్టు ప్రక్కనున్న సాక్షి



కొన్ని యేండ్ల క్రిందట ఒక శనివారపు రాత్రి, ప్రార్థన ముగిసిన పిమ్మట, ఒక సంఘపెద్ద నా యింటికి వచ్చి అరుగుమీద కూర్చుండెను. చాలసేపు మాటలాడలేదు. తుదకు, "అయ్యగారూ, రేపు బల్ల ఆరాధన గదా. చెయ్యి చాపాలంటే భయంగా ఉంది" అనెను.

ఆయన పొలము ప్రక్కను ఒక విధవరాలి పొలమున్నది. ఏటేట గట్టు చెక్కునప్పుడు ఆయన పార ఆమె వైపునకు బెత్తెడు జరుగుచు వచ్చినది. ఒక్క యేడు చెక్కినది కంటికానదు. పదునైదేండ్లు చెక్కునప్పటికి పొలము పొడుగునను రెండు మూరలకు పైగా నేల ఈవలికి వచ్చినది. "ఆమె నన్ను అడగలేదు. కొలిచేవాడూ రాలేదు. అయినా లోపల ఎవరో చూసినట్టే ఉంది. కొంత సొమ్ము కానుకగా ఇస్తాను, గుడి పైకప్పు రేకులకు పనికొస్తుంది. దాంతో సరిపోదంటారా?" అని నన్నడిగెను. నేనేమి చెప్పితినో తరువాత వ్రాసెదను. ఆయన సెలవు పొందియే యీ సంగతి మీ యెదుట పెట్టుచున్నాను.

చూచినవాడు లేని చోట చూచిన ఆ సాక్షి యెవరు? మన భాషలో మనస్సాక్షి యని చక్కని పేరు పెట్టినారు. క్రొత్త నిబంధన వ్రాయబడిన గ్రీకు భాషలో దీనిని 'సునెయిదేసిస్' అందురు. 'కూడ తెలిసికొనుట' అని దాని మూలార్థము. నేను చేసినది నాకు మాత్రమే తెలియునని నేననుకొందును గాని, నాతోకూడ తెలిసికొన్నవాడొకడు నా లోపలనే యున్నాడు. ధర్మశాస్త్రము లేని అన్యజనులయందును ఈ సాక్షి యున్నాడని పౌలు రోమా పత్రిక 2వ అధ్యాయములో బోధించెను. కాబట్టి ఇది క్రైస్తవులకు మాత్రమే ఇయ్యబడినది కాదు. మన ఊరిలో ప్రభువు నెరుగని పొరుగువాడు దొరికిన సొమ్మును తిరిగి యిచ్చినప్పుడు, అది దేవుడు వానియందుంచిన సాక్ష్యమే యని ఒప్పుకొని మనము సిగ్గుపడి నేర్చుకొనవలెను.

అయితే మనస్సాక్షి యున్నది గనుక దాని మాటయే చాలునా? దావీదును చూడుడి. ఏన్గెదీ అరణ్యమందలి గుహలో సౌలు పైవస్త్రపు చెంగు కోసినందుకే అతని మనస్సు నొచ్చెను. ఆ దావీదే తరువాత ఊరియా భార్యను తీసికొని, ఊరియాను యుద్ధములో చంపించి, బిడ్డ పుట్టువరకును నెమ్మదిగానే రాచకార్యములు జరిగించెను. గుడ్డపేలికకు వణకిన హృదయము మనుష్యుని రక్తమునకు వణకలేదు. అప్పుడు దేవుడు నాతానును పంపవలసి వచ్చెను. లోపలి సాక్షి నోరు మూసికొన్నప్పుడు వెలుపలి సాక్షి కావలెను.

ఈ నోరు మూతపడుట ఒక్కనాడు జరుగదు. కోడె మెడమీద మొదటిసారి కాడి పెట్టినప్పుడు అది పెనగులాడును. కొన్నాళ్లు గడచిన పిమ్మట మెడ కాయ కాచును, రాపిడి తెలియదు. మొదటి యేడు గట్టు చెక్కిన రాత్రి ఆ పెద్దకు నిద్రపట్టలేదట. అయిదవయేడు పార తనంతట తానే అటు జరిగెనట. పౌలు తిమోతికి వ్రాయుచు, కాల్చిన ఇనుముతో వాతవేయబడిన మనస్సాక్షిని గూర్చి హెచ్చరించెను. వాత పడిన తోలునకు స్పర్శ యుండదు.

మరియు మనస్సాక్షి మేల్కొని యుండియు తప్పుదారి పట్టగలదు. సౌలను పేరుతో పౌలు సంఘమును హింసించినప్పుడు తాను దేవుని సేవ చేయుచున్నాననియే నమ్మెను. అతని మనస్సాక్షి నిద్రపోలేదు, పొరబడెను. మనస్సాక్షి తక్కెడవంటిది. తట్టక్రింద చింతపండు అంటించిన వర్తకుని సంగతి మీరెరుగుదురు. ముల్లు నిలువుగానే నిలుచును, సరుకు మాత్రము తక్కువగా వచ్చును. మన తట్టక్రిందను స్వలాభము, కులాభిమానము, బంధుప్రీతి అంటుకొని యుండవచ్చును. అందుచేత ముద్రపడిన తూనికరాతితో తక్కెడను పరీక్షింపవలెను. మనకా రాయి దేవుని వాక్యమే. 1521లో వర్మ్స్ నగరమందు చక్రవర్తి యెదుట నిలువబడి మార్టిన్ లూథర్ తన వ్రాతలను త్రోసివేయుటకు ఒప్పుకొననప్పుడు, తన మనస్సాక్షి దేవుని వాక్యమునకు బద్ధమైనదని చెప్పెను. నా మనస్సునకు తోచినది చేసెదనని ఆయన యనలేదు. ఈ రెంటికిని గల భేదము మనము మరువరాదు.

ఇప్పుడు నా సంగతి చెప్పెదను. ఆ రాత్రి నేను, "మంచిదండీ, దేవుడు మీ మనస్సు చూచినాడు" అని చెప్పి ఆ సొమ్ము పుచ్చుకొంటిని. మరునాడు ఆయనకు రొట్టెయు ద్రాక్షారసమును అందించితిని. గుడి పైకప్పు నిజముగనే కురియుచుండెను. నాలోని సాక్షి యేమో గొణిగెను గాని, ఇది దేవుని పనికే గదా యని దాని నోరు మూసితిని.

కొన్ని వారములైన పిమ్మట అపొస్తలుల కార్యములు 24వ అధ్యాయముమీద ప్రసంగము సిద్ధపరచుచుంటిని. కైసరయలో ఫేలిక్సు అను అధిపతి యెదుట ఖైదీయైన పౌలు నీతిని గూర్చియు, ఆశానిగ్రహమును గూర్చియు, రాబోవు తీర్పును గూర్చియు ప్రసంగించెను. ప్రక్కను ద్రుసిల్ల కూర్చుండెను. ఆమె ఎమెసా రాజైన తన భర్తను విడిచి ఫేలిక్సును పెండ్లాడినదని యూదుల చరిత్రకారుడు యోసేపు వ్రాసియున్నాడు. ఫేలిక్సు భయపడెను. మనస్సాక్షి తలుపు తట్టెను. అయితే సమయమైనప్పుడు పిలిపించెదనని పౌలును పంపివేసెను. తరువాత మాటిమాటికి పిలిపించినను, అది పౌలువలన ద్రవ్యము దొరకునను ఆశచేతనే. రెండేండ్లు గడచెను. ఫేలిక్సు వెళ్లిపోయెను, పౌలు బంధకములలోనే యుండెను.

ఆ మాట చదివి నా కలము ఆగిపోయెను. వణకుచు వచ్చిన మనుష్యుని యెదుట నేను నాతానుగా నిలువక ఫేలిక్సువలె ద్రవ్యమువైపు చూచితిని. అనాథల పొలములో చొరబడకూడదని సామెతల గ్రంథము 23వ అధ్యాయము బోధించుచుండగా, విధవరాలి నేలకు వెల దేవుని పేరట నేను పుచ్చుకొంటిని. దొంగిలింపబడినది ఆమె సొత్తు. దానిని దేవునికి కానుకగా ఇచ్చుటకు ఆయనకును అధికారము లేదు, తీసికొనుటకు నాకును లేదు.

రేకులు ఇంకను కొనలేదు గనుక సొమ్ము పట్టుకొని ఆయన యింటికి వెళ్లితిని. "అన్నగారూ, ఆ రాత్రి నేను మీకు తప్పు చెప్పాను. ఇవ్వవలసింది గుడికి కాదు, ఆమెకు" అంటిని. ఆయన ముఖము నల్లబడెను. మూడు నెలలు గుడికి రాలేదు. ఆ వానకాలము పైకప్పు కురిసి ప్రసంగ వేదిక తడిసెను. అయినను చాలకాలమునకు నాకు నెమ్మదిగా నిద్రపట్టెను.

ఆ మీదటి వేసవిలో ఆయనయే తాడు పట్టుకొని, ఇద్దరు ఊరిపెద్దలను వెంటబెట్టుకొని, పాత హద్దురాయి వెదకి, గట్టు వెనుకకు జరిపించెను. పోయిన పంటల లెక్కగట్టి ధాన్యము కొలిచి ఆమె యింటికి చేర్చెను. ఆమె యేమనెనో తెలియునా? "నాకు మొదటి నుంచీ తెలుసన్నయ్యా. అడగడానికి దిక్కు లేక ఊరుకున్నాను" అనెను. ఆ ఒక్క మాట గద్దింపుకంటె ఎక్కువగా తన్ను కోసెనని ఆయన నాతో చెప్పెను.

ప్రియులారా, జక్కయ్య నాలుగంతలు తిరిగి యిచ్చెదననినది యేసు తన యింట అడుగుపెట్టిన దినమందే. తిరిగి యిచ్చుట రక్షణకు వెల కాదు, రక్షణ ఫలము. గట్టు జరిపినంత మాత్రమున ఆ పదునైదేండ్ల దోషము కడుగబడలేదు. మనస్సాక్షిని శుద్ధిచేయునది క్రీస్తు రక్తమే యని హెబ్రీ పత్రిక సాక్ష్యమిచ్చుచున్నది. మన హృదయము మనలను దోషులనుగా తీర్చినను దేవుడు మన హృదయముకంటె గొప్పవాడని యోహాను ఓదార్చుచున్నాడు. అయితే కడుగబడిన చేయి పొరుగువాని సొత్తును పట్టుకొని యుండనేరదు.

కాబట్టి ఈ నెల బల్లయొద్దకు వచ్చుటకు ముందు ఎవరి గట్టు వారు చూచికొందము. పొలము లేనివారికిని గట్లున్నవి. కూలి లెక్కలోను, తీర్చని చేబదులులోను, తోబుట్టువు భాగములోను, ఒకరిని గూర్చి పలికిన అబద్ధములోను అవి యున్నవి. లోపలి సాక్షి నేడు మాటలాడినయెడల సమయమైనప్పుడు పిలిచెదనని పంపివేయకుడి. నావంటి కాపరి యెవడైనను మీ కానుక చూచి మీ గాయమును కప్పినయెడల, వాని మాటతో సమాధానపడక వాక్యమునొద్దకు పొండు.

ప్రభువా, మా తక్కెడ తట్టక్రింద అంటియున్నదానిని మాకు చూపుము. మా మెడ కాయ కాచకమునుపే మాతో మాటలాడుము. తిరిగి యిచ్చుటకు ధైర్యమును, నీ రక్తమువలన సమాధానమును దయచేయుము. ఆమేన్.