ప్రొద్దు గూకిన తరువాతి కూలి

మృతునికి చేసిన న్యాయము న్యాయమగునా? ఒక ఆటగాని జీవితము ఈ ప్రశ్నను మన యెదుట ఉంచుచున్నది.

బేస్‌బాల్ అనునది అమెరికావారి బంతియాట. మన క్రికెట్టుకు దూరపు చుట్టము. జాష్ గిబ్సన్ అను నల్లజాతివాడు 1911లో జార్జియాలో పుట్టి, పిట్స్‌బర్గులో పెరిగి, 1930లో హోమ్‌స్టెడ్ గ్రేస్ జట్టులో చేరెను. అతడు కొట్టిన బంతి ఎంత దూరము పోవునో చూచుటకే జనులు వచ్చెడివారు. అయినను పెద్ద లీగులలో అతనికి చోటు లేదు. నల్లవారిని చేర్చుకొనరాదని ఏ నిబంధనలోను వ్రాసియుండలేదు. అందరును పాటించిరి, అంతే. వ్రాయని కట్టుబాటు ఎంత గట్టిదో మన పల్లెలవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

1945లో జాకీ రాబిన్సన్ అను నల్లవానితో ఒక పెద్ద జట్టు ఒప్పందము చేసికొనెను. నెబో కొండమీది మోషేవలె గిబ్సన్ ఆ దేశమును దూరమునుండి చూచెను గాని ప్రవేశింపలేదు. 1947 జనవరి 20న, 35 ఏండ్ల ప్రాయమున మరణించెను. ఏప్రిల్ 15న రాబిన్సన్ ఆ గడప దాటెను. గిబ్సన్‌కు 1972లో గౌరవ మందిరమున చోటు దొరకెను. సమాధిమీద పేరు చెక్కిన రాయి 1975 వరకు లేదు. 2024లో నల్లవారి లీగుల లెక్కలను కలుపగా, బ్యాటింగు సగటులో .372తో అందరికంటె పైపేరు అతనిదే ఆయెను.

“మట్టిలో కలిసినవానికి ఈ అంకె యెందుకు?” అని కొందరందురు. అందులో సగము నిజమున్నది. లెక్క దిద్దుట మృతునికి కూలి చెల్లించుట కాదు. బ్రదికియున్నవారు తప్పు ఒప్పుకొనుట. ఒప్పుకోలు లేనిదే మార్పు మొదలుకాదు. కాని అంతటితో ఆగినయెడల అది సమాధికి సున్నము కొట్టుటయే. మృతుడు మన పంక్తిలో కూర్చుండడు, మన బావిలో చేద వేయడు. గనుక వానిని గౌరవించుట సుళువు.

మన దేశమందు పల్వంకర్ బాలూ అను దళిత క్రికెట్టు ఆటగాడు 1911లో ఇంగ్లాండులో నూటికి పైగా వికెట్లు తీసెను. పూనాలో తోటివారు లోపల టీ త్రాగుచుండగా, అతనికి బయట మట్టి ముంతలో పోసిరి. అతని బంతి వారికి కావలెను, పొత్తు అక్కరలేదు.

కూలివాని కూలి ప్రొద్దు గూకకమునుపే ఇయ్యవలెనని ధర్మశాస్త్రము చెప్పుచున్నది. గౌరవమును కూలియే. మన జంగారెడ్డిగూడెం ప్రాంతపు పల్లెలలో ఏ పిల్లవాడు ఆటలోగాని చదువులోగాని ముందున్నాడో చూడుడి. వాని తండ్రి యెవరని అడుగకమునుపే వానికి చోటియ్యుడి. ప్రొద్దు ఇంకను గూకలేదు.